నలభయ్యో నంబరు, రెండో రోజు

ఏం పని చేస్తావని బంధువులెవరైనా అడిగితే అక్క "ల్యాబ్‌లో" అని ఊరుకునేది. అంతకుమించి చెబితే ఎదుటివాళ్లు తింటున్న పళ్లెం పక్కన పెట్టేస్తారని ఆమెకు అనుభవమే. ఆవిడ పని మనుషుల కళ్లె ఏరడం. మాటవరసకు అంటున్నది కాదు. గాజు మూకుడులో పోసిన కళ్లెలోంచి పలచటి ఉమ్మిని ఒక పక్కకు నెట్టి, జిగటగా చిక్కగా ఉన్న ముద్దల్ని పట్టకారుతో పట్టి సీసాలో వేయాలి. పట్టకారు పైకి లేపితే తీగలా సాగుతుంది. చేరిన మొదటి వారం ఆమె మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవలేదు. ఏడాది తిరిగేసరికి సీసాకి మూత బిగించి, చేతులు కడుక్కుని, అదే బల్ల చివర కూర్చుని తినేసేది. మనిషి దేనికైనా అలవాటు పడతాడు కదా!

ఆ కళ్లె గాలి గదిది. అసలు పేరు పొడుగ్గా ఏదో ఉండేది కానీ అందరూ గాలి గది అనే అనేవారు. నాలుగు గోడలూ పైకప్పూ నేలా అన్నీ స్టీలే. కిటికీ లేదు. మందపాటి అద్దం ఒకటి, దాని అవతల అక్క కుర్చీ. గదిలో ఒక తొక్కుడు సైకిలు, ఒక కుర్చీ, పైనుంచి వేలాడే మైకు. అంతే. ఒంట్లో ఏ జబ్బూ లేని మనుషుల్ని పిలిచి, స్నానం చేయించి, తెల్లటి నూలు బట్టలు కట్టించి రెండు గంటలు లోపల కూర్చోబెట్టేవాళ్లు. పావుగంట సైకిలు తొక్కాలి, పావుగంట కూర్చోవాలి. ఒకరోజు గదిలోకి రోడ్డు మీద లారీ వదిలేలాంటి పొగ పంపిస్తారు, కంటికి కనబడనంత పలచగా. ఇంకోరోజు నాలుగు జల్లెళ్లలోంచి వడకట్టిన మంచి గాలి. ప్రతి మనిషీ రెండు రోజులు రావాలి. ఏ రోజు ఏ గాలో వచ్చినవాళ్లకీ చెప్పరు, అక్కకీ చెప్పరు. కంప్యూటర్‌కే తెలుసు. బయటికొచ్చాక ఉప్పునీటి ఆవిరి పీల్పించి, దగ్గించి, గిన్నెలో ఉమ్మించేవాళ్లు. పొగ ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో ఆ గిన్నెలు చెబుతాయని డాక్టరుగారి నమ్మకం.

అక్కకి మాత్రం ఏ రోజు ఏ గాలో తెలిసిపోయేది. తలుపు తీయగానే వచ్చినవాళ్ల జుట్టులోంచి వాసన పట్టేసేది. ఆ ముక్కు చూసి డాక్టరుగారు "మీకు కంప్యూటర్ ఎందుకమ్మా" అని వేళాకోళం చేసేవారు.

మొత్తం నలభై మంది కావాలి. ముప్పై తొమ్మిది మందికి రెండు రోజులూ అయిపోయాయి. నలభయ్యో మనిషిగా పెయింటరు వచ్చాడు.

గేట్లకీ బీరువాలకీ నీళ్ల గొట్టాలకీ సిల్వర్ పెయింట్ కొట్టే మనిషి. ఆజానుబాహుడు. గొంతు మాత్రం చాలా మెత్తన. ఎంత తోముకున్నా గోళ్ల కింద, చెవి మడతల్లో వెండి రంగు మెరుస్తూనే ఉంది. ముప్పై ఏళ్లుగా స్ప్రే గన్నుతోనే పనట. ముక్కుకి రుమాలు కట్టుకోరా మీరు అని అక్క అడిగితే, మొదట్లో కట్టుకునేవాణ్ని మేడమ్ అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. తడి దగ్గు. లోపల ఏదో ఊడి, మళ్లీ అతుక్కున్నట్టు వినబడింది.

దగ్గున్న మనిషిని అప్పటికప్పుడు ఇంటికి పంపేయాలి. అది నిబంధన. ఊదే గొట్టంలో మూడుసార్లు ఊదిస్తే రెండుసార్లు కావలసినంత గాలి రాలేదు. మూడోసారి రెండు పాయింట్ ఆరు లీటర్లు వచ్చింది, అంచు మీద. నలభయ్యో మనిషి దొరక్క అప్పటికి నెల దాటింది. నెలాఖరుకి లెక్క పూర్తి కాకపోతే ల్యాబ్ మూసేస్తారని పైనుంచి కాగితం వచ్చింది. అమ్మ పోయిన దగ్గర్నుంచి చెల్లిని సాకింది తనే, ఇల్లు ఈ ఉద్యోగం మీదే నడుస్తోంది. అక్క కాగితం మీద 'దగ్గు' అన్నచోట 'లేదు' అని రాసింది. తరవాత తలుపు దగ్గర ఆయన చెవికి మాత్రమే వినబడేలా చెప్పింది.

"దగ్గు లేదని రాస్తున్నాను. గదిలో మాత్రం దగ్గకండి. మైకులో పడుతుంది."

ఆయన తలూపాడు. లోపల అడుగు పెట్టబోతూ ఆగి, "రెండ్రోజుల్లో ఒకరోజు మంచి గాలి ఇస్తారటగా మేడమ్?" అని అడిగాడు.

"ఇస్తాం. అలాంటి గాలి బయటెక్కడా దొరకదు."

"అయితే ఆ రోజు కోసం వస్తాను" అన్నాడు.

ఆ మొదటి రోజు మంచి గాలి కాదు. రెండో గంట చివర్లో ఆయనకి దగ్గు ముంచుకొచ్చింది. సైకిలు ఆపేసి రెండు చేతులూ నోటి మీద అదుముకున్నాడు. మెడ నరాలు తాళ్లలా తేలాయి. బుగ్గలు పొంగాయి. కళ్లు ఎర్రబడి నీళ్లు కారాయి. చప్పుడు బయటికి రాలేదు కానీ, దగ్గు లోపలే పేలినప్పుడల్లా పొట్ట ఎగిరి పడేది. అలా ఎన్నిసార్లో. అక్క వేలు తలుపు మీట మీదే ఉంది. నొక్కితే ఆ రోజంతా వృథా, నలభయ్యో మనిషి పోయినట్టే. ఇంకా పది నిమిషాలే కదా అనుకుంది. వేలు తీసేసింది.

బయటికొచ్చాక ఊదితే ఒకటి పాయింట్ తొమ్మిది. గిన్నెలో ఉమ్మింది చూసి, ఏడాదిలో మొదటిసారి అక్కకి డోకొచ్చింది. బూడిద రంగు ముద్దల్లో సన్నటి వెండి రేకులు, చేప పొలుసుల్లా. పట్టకారుతో ముట్టుకుంటే మెత్తగా కదిలాయి. థిన్నర్ కంపు. ఆమె వాష్‌బేసిన్ దగ్గరికి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి ఆయన సిగ్గుపడుతూ నిలబడి ఉన్నాడు. "గదిలో దగ్గలేదు మేడమ్" అన్నాడు.

తొమ్మిదో రోజున ఆయన భార్య ఫోన్ చేసింది. రెండో రోజుకి ఆయన రారని చెప్పింది. నిన్న తెల్లారగట్ల పోయారు, ఊపిరి అందలేదు అంది. ఏడుపు లేదు, ఒట్టి అలసట. పెట్టేసే ముందు ఇంకో మాట కూడా అంది. ఆయనకి మంచి గాలి రోజొకటి ఉందటగా, దాని కోసమే ఎదురుచూశారండీ అని.

అక్క ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే 'దగ్గు లేదు' అన్న కాగితం బయటికి తీస్తారు. పెయింటరు ఊరొదిలి వెళ్లిపోయాడట అని డాక్టరుగారితో అంది. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, సోమవారానికి నలభై కావాలి, ఎలాగన్నది నన్నడక్కండి అన్నారు.

నిబంధన ప్రకారమైతే పోయిన మనిషి నంబరు కొట్టేసి, కొత్త మనిషికి కొత్త నంబరిచ్చి, రెండు రోజులూ మొదటినుంచీ చేయించాలి. అంత వ్యవధి లేదు. ల్యాబ్‌లో పేర్లుండవు, నంబర్లే. పెయింటరు మొదటి రోజు అయిపోయింది. రెండో రోజుకి ఆ నంబరు మీద ఎవరో ఒకరు లోపల కూర్చుంటే చాలు. పైగా మొదటి రోజు పొగ అయింది కాబట్టి, రెండోది కచ్చితంగా మంచి గాలే. కూర్చున్నవాళ్లకి ఈగ వాలినంత నష్టం కూడా ఉండదు. ఇన్ని లెక్కలు వేసుకుని అక్క చెల్లిని అడిగింది.

చెల్లి ఈత టీచరు. పిల్లల్ని నీళ్లలో దింపడం, దిగనని మొరాయించేవాళ్ల అమ్మల్ని సముదాయించడం ఆమె పని. చిన్నప్పుడు బకెట్లో ముఖం ముంచి ఊపిరి బిగబట్టి అక్క ప్రాణం తీసేది. ఇప్పటికీ రెండు నిమిషాల పైన మునిగి ఉండగలదు. అక్క అడిగేసరికి పకపకా నవ్వింది.

"మంచి గాలి పీల్చడానికి కూడా మనుషులు కావాలా? పద, నీ నలభై నేనే."

ఆదివారం మధ్యాహ్నం. డాక్టరుగారు లేరు, పక్క గదుల్లో ఎవరూ లేరు. చెల్లి స్నానం చేసి, తెల్లబట్టలు వేసుకుని, నర్సులా ఉన్నానా అని అద్దంలో చూసుకుంది. ఊదితే నాలుగు పాయింట్ ఒకటి. ఆ అంకె చూసి అక్క మురిసిపోయింది, తానే ఊదినట్టు. కంప్యూటర్లో 'నలభై, రెండో రోజు' అని కొట్టింది. తలుపు మూసుకుంది. పైన ఫ్యాన్లు సన్నగా మూలగడం మొదలుపెట్టాయి.

మొదటి గంట ఏమీ లేదు. చెల్లి సైకిలు తొక్కింది, కూర్చుంది, అద్దంలోంచి వెక్కిరించింది. మైకులోంచి ఊపిరి వినబడుతోంది. తేలిగ్గా, లయగా.

అక్క ఫ్లాస్కులోంచి టీ పోసుకుంది. రెండో గుక్క మింగలేకపోయింది. టీలోంచి థిన్నర్ కంపు. గ్లాసు పక్కన పెట్టి చేతులు వాసన చూసుకుంది. చేతులు కావు. గది గాలిని కొంచెం కొంచెం పీల్చి పరీక్షించే సన్నటి గొట్టం ఒకటి గోడలోంచి ఆమె బల్ల మీదికి వస్తుంది. కంపు దాంట్లోంచి వస్తోంది. థిన్నర్, దాని వెనక తడి కంపు... చాలాకాలం మూసి ఉన్న నోటి కంపు.

కంప్యూటర్ చూసింది. మంచి గాలి. తెర మీది గీత ఎక్కడా తొణకలేదు.

ఆ పైన మైకులో తేడా వినబడింది. చెల్లి ఊపిరి ఒకటి. దాని వెనకాల ఇంకోటి. నెమ్మదిగా, బరువుగా... లోపల కళ్లె గురగురలాడుతూ. చెల్లి రెండుసార్లు పీల్చేలోగా అది ఒకసారి పీలుస్తోంది. పీల్చినప్పుడు మాత్రం ఎంత ఆత్రమో! ఎండలోంచి వచ్చినవాడు చెంబెత్తి నీళ్లు తాగినట్టు.

"చెల్లీ, దగ్గొస్తోందా?" అక్క మైకులో అడిగింది.

చెల్లి సైకిలు మీదినుంచి బొటనవేలు పైకెత్తి చూపించింది. నవ్వుతోంది. అద్దానికి చాలా దూరంగా ఉంది.

అద్దం మీద ఊపిరి ఆవిరి పట్టింది. లోపలి వైపు. అక్క తలకంటే మూరెడు ఎత్తులో. ఆరిపోయింది. మళ్లీ పట్టింది. ఈసారి ఇంకాస్త కిందికి... ఎవరో వంగి ఇటు చూసినట్టు. ఆవిరి ఆరినచోట సన్నటి వెండి మరక మిగిలింది.

అక్క లేచి నిలబడింది. వేలు మీట దాకా వెళ్లింది.

గడియారం ఇంకో పదకొండు నిమిషాలు చూపిస్తోంది. పదకొండే. నలభై పూర్తయిపోతుంది. అద్దం మీద ఆవిరి ఎవరినైనా చంపుతుందా? గాలి మంచిదే కదా, కంప్యూటర్ చెబుతోంది కదా... ఆమె ఇలా అనుకుంటుండగానే లోపల సైకిలు ఆగింది.

చెల్లి తల వాల్చేసింది. తెల్ల చొక్కా మెడ దగ్గర చెమటకి అతుక్కుంది. రెండు చేతులూ నెమ్మదిగా లేచి నోటి మీద అదుముకున్నాయి. మెడ నరాలు తేలాయి. బుగ్గలు పొంగాయి. పొట్ట ఒక్కసారి ఎగిరి పడింది.

చప్పుడు లేదు.

మళ్లీ.

మైకులో ఇప్పుడు ఊపిరి ఒక్కటే. గురగురలాడేది.

అక్క మీట నొక్కలేదు. భయంతో చెయ్యి రాలేదని తరవాత తనకు తానే చెప్పుకుంది కానీ, అది అబద్ధం. ఆమె కళ్లు గడియారం మీద ఉన్నాయి. తొమ్మిది. ఆరు. నాలుగు. ఒకటి. గంట మోగింది. తలుపు దానంతటదే తెరుచుకుంది.

లోపలినుంచి వచ్చిన గాలి ముఖాన్ని తడిగుడ్డలా కప్పింది. కుళ్లిన కళ్లె, థిన్నర్, చెమట. చెల్లి కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా, తడిగా. చేతులు నోటి మీదినుంచి తీసి, మోకాళ్ల మీద ఒద్దికగా పెట్టుకుంది.

"గదిలో దగ్గలేదు మేడమ్" అంది. చాలా మెత్తని గొంతు. "మీరు చెప్పినట్టే."

పెయింటరుతో ఏం మాట్లాడిందో అక్క ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. చెల్లి తనని పుట్టి బుద్ధెరిగాక మీరు అన్న పాపాన పోలేదు.

ఊదే గొట్టం చెల్లే అందుకుంది. చెప్పకుండానే ముక్కుకి క్లిప్పు పెట్టుకుని ఊదింది. ఒకటి పాయింట్ తొమ్మిది. గిన్నె కూడా తానే అందుకుంది. ఉప్పునీటి ఆవిరి అక్కర్లేకపోయింది. వంగి ఒకటే దగ్గు, వాంతిలాగా... ముద్ద తరవాత ముద్ద, తెగకుండా తీగలు సాగుతూ... గిన్నె నిండింది, అంచు దాటి, కింద పట్టిన అక్క చేతి మీదికి జారింది. అక్కకి చెయ్యి వెనక్కి లాక్కోవాలనుంది. లాక్కోలేదు. వెచ్చగా ఉంది. వేళ్ల సందుల్లో వెండి రేకులు మెరిశాయి.

చెల్లి మూతి తుడుచుకుంది. కళ్లు నలుపుకుంది. ఆవులించింది.

"అయిపోయిందా అక్కా? సైకిలు మీద నిద్రపోయానా ఏంటి? ఛీ, ఏంటా కంపు?"

మళ్లీ ఊదిస్తే నాలుగు పాయింట్ ఒకటి వచ్చింది. అక్క ఏడ్చినంత పని చేసింది. చెల్లిని బట్టలు మార్చుకోమని పంపి, గిన్నెలోది పారబోసి, చేతులు ఎర్రబడేదాకా రుద్దుకుంది. ఆ తరవాత కుర్చీలో కూర్చుంది. కాగితం మీద నలభయ్యో నంబరుకి ఎదురుగా 'రెండో రోజు: పూర్తి' అని రాసింది. దాని కింద 'దగ్గు' అన్న గడి ఉంది. కలం ఆగింది. నిజం రాస్తే పెయింటరు నుంచీ అంతా రాయాలి. 'లేదు' అని రాసింది. రాస్తుంటే తన చెయ్యి చూసి తనకే రోత పుట్టింది. అయినా రాసింది.

లెక్క పూర్తయింది. ల్యాబ్ నిలబడింది. డాక్టరుగారు అందరికీ మిఠాయి పంచారు. అక్క తన వంతు ముక్కని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసింది.

తరవాతి ఆదివారం పొద్దున్నే చెల్లి వెంట ఈత కొలను దగ్గరికి వెళ్లింది. వారమంతా చెల్లిని కనిపెట్టుకునే ఉంది. దిండు గలీబు తిప్పి చూసింది, వాష్‌బేసిన్ వేలితో తుడిచి చూసింది. ఏమీ లేదు. చెల్లి తింటోంది, నవ్వుతోంది, పిల్లల మీద కేకలేస్తోంది. అప్పుడప్పుడు గొంతు సవరించుకుంటోంది, అంతే. దగ్గా అని అక్క అడిగితే ఒకటే సమాధానం.

"లేదనే రాశావుగా."

ఎవరు చెప్పారే నీకు అని అక్క నిలదీస్తే, ఏది ఎవరు చెప్పారు అని చెల్లి తెల్లబోయి చూసేది.

పిల్లలింకా రాలేదు. ఎండ నీళ్ల మీద పడుతోంది. లెక్కపెట్టు అని చెప్పి చెల్లి మునిగింది. అక్క గట్టు మీద కూర్చుని లెక్కపెట్టింది. నూటఇరవై. నూటఏభై. రెండు వందలు. అడుగున చెల్లి కదలకుండా కూర్చుని ఉంది, కుర్చీలో కూర్చున్నట్టు, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని. ఆమె ముక్కులోంచి బుడగలు ఒక్కొక్కటే పైకొచ్చి పగులుతున్నాయి. పగిలినచోట నీళ్ల మీద సన్నటి వెండి పొర... ఒకదానికొకటి కలిసి, గట్టు దాకా పాకి, అక్క పాదాలకి అంటుకుంది. జిగటగా.

మూడు వందలు దాటాక చెల్లి పైకి వచ్చింది. రొప్పు లేదు. మెట్ల దగ్గర నిలబడి, జుట్టు వెనక్కి తోసుకుని, నిండుగా గాలి పీల్చుకుంది.

"ఏమిటోనే, నా బదులు ఇంకెవరో ఊపిరి పట్టినట్టు హాయిగా ఉంది" అంది.

అక్క దగ్గరికి వెళ్లి ఆమె వీపు మీద తువ్వాలు కప్పింది. అన్నీ చెప్పేస్తాను, ఈ రోజే డాక్టరుగారికి అన్నీ చెప్పేస్తాను అనుకుంటూ చెల్లిని గుండెకి హత్తుకుంది. చెల్లి నోరు మూసుకునే ఉంది. పెదాల మీద నవ్వు కూడా చెదరలేదు.

దగ్గు మాత్రం వినబడింది. ఎక్కడో లోతుగా, ఆ పక్కటెముకల వెనక. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, బయటికి వినబడకుండా జాగ్రత్తపడుతున్న మనిషి దగ్గు.